టి.నగర్ కింద ఏముంది?

నెల్లూరు, తిరుపతి నుంచి పెళ్లిబట్టలకు చెన్నై టి.నగర్‌లోని పానగల్ పార్కు దాకా వచ్చేవారిలో అది చెరువు పూడ్చిన చోటని ఎరిగినవారు తక్కువ. 1920ల్లో మైలాపూరు పెద్ద చెరువును పూడ్చి, పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట వేసిన పేట టి.నగర్. తమిళ కవి తిరువళ్లువర్ స్మారకం వళ్లువర్ కోట్టం నిలిచిందీ నుంగంబాక్కం చెరువు స్థలంలోనే. భూకంపం మాట వచ్చినప్పుడు ఈ పాత సంగతులు పనికొస్తాయి.

2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరంలో 5.5 తీవ్రతతో వచ్చిన భూకంపం చెన్నైనీ కుదిపింది. మరుసటి ఏడాది భూకంప ముప్పు పటంలో నగరాన్ని రెండో జోన్ నుంచి, ముప్పు ఇంకాస్త ఎక్కువుండే మూడో జోన్‌కు మార్చారు. జోన్ ఊరంతటికీ ఒకటే, నేల మాత్రం పేటకో తీరు. సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం వైపు గట్టి రాయి పైకే కనిపిస్తుంది. అడయారు, కూవం నదుల ఒడ్డున, పల్లికరణై పల్లంలో ఉన్నది ఒండ్రు, బంకమన్ను, ఇసుక. రాతిలో పరుగెత్తిన తరంగం మెత్తని మట్టిలో నెమ్మదిస్తుంది, ఆ మేరకు ఊపు పెరుగుతుంది. మట్టిపొర ఊగే లయ, పైనున్న భవనం ఊగే లయ కలిస్తే ముప్పు. 1985లో మెక్సికో నగరానికి 350 కిలోమీటర్లకు పైగా దూరాన భూమి కంపిస్తే, పాత సరస్సు అడుగున కట్టిన మధ్యరకం ఎత్తు భవనాలే ఎక్కువగా కూలాయి.

నిర్మాణ నియమావళికి ఇది తెలియనిది కాదు. బాగా ఎత్తయిన భవనానికి రాతినేల మీదకన్నా మెత్తని నేల మీద 67 శాతం ఎక్కువ భూకంప బలం లెక్కకట్టాలని 2002 నాటి ప్రమాణమే చెప్పింది. ఏ నేలో తేల్చేది మట్టి పరీక్ష. బోరు గుంతలో 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. పది లోపే దిగిపోతే నేల మెత్తనిదని అర్థం. ఈశాన్యం మూల గురించి గుచ్చిగుచ్చి అడిగే మనవాళ్లు ఈ దెబ్బల లెక్క అడగరు. అడగనిది బిల్డరు చెప్పడు.

భూకంపమేదీ లేకుండానే 2014లో చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఎందరో. పునాది, నేల సంగతులు ఇంజినీరు ఫైలుకే పరిమితం కావడం మాకు సమ్మతం కాదు. మట్టి పరీక్ష నివేదికను విక్రయ పత్రానికి జతచేయడం తప్పనిసరి చేయాలి. పాత చెరువుల హద్దులను నేటి వీధుల పటంపై గీసి అందరికీ చూపాలి. ఇంతకన్నా ముందు, ఆ హద్దుల లోపల కింద గోడల ఆసరా లేకుండా పార్కింగుకు వదిలి స్తంభాలపై లేపిన పాత అపార్టుమెంట్లను, బడులను, ఆసుపత్రులను తనిఖీ చేయించాలి.