‘ఎగువమీది’ గారికి బరంపురం నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఎగ్వీ ద్యు మిది కేబుల్ కారు గారి సముఖమునకు,
మకాం షామొనీ, ఫ్రాన్సు దేశం.

ఉభయకుశలోపరి. ఇక్కడ బరంపురంలో ఉక్క యథాప్రకారం. అక్కడ తమరు గాలీ ధూళీ సోకకుండా కులాసాగా ఉన్నారని తలుస్తాం. ధూళి సంగతి మర్యాద కోసం అడిగాం. గాలి సంగతి మాత్రం అవసరం కొద్దీ అడుగుతున్నాం. కాస్త గట్టిగాలి సోకిందంటే తమరు ఆ పూటకి దుకాణం కట్టేస్తారు కదా.

ముందు పేరు విషయం మాట్లాడుకుందాం. తమరి శిఖరం పేరుకి ఫ్రెంచిలో మధ్యాహ్నపు సూది అని అర్థమట. కింద ఊళ్లోంచి చూస్తే మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆ సూదిమొన మీదికొస్తాడు. మా వాళ్ల నోట్లో అది రెండు రోజుల్లో ‘ఎగువమీది’ అయిపోయింది. కొడుకు జెనీవాలో ఉద్యోగం చేస్తున్నాడని వచ్చిన తల్లిదండ్రులకి ఇంతకన్నా సుళువైన పేరు లేదు, పైగా అర్థం కూడా ఎక్కడికీ పోలేదు. బ్రహ్మపురాన్ని బరంపురం చేసుకున్న నోళ్లివి, తమరు నొచ్చుకోకూడదు.

ఇక ఫిర్యాదు. తమరు మరీ తొందరగా ఎక్కిస్తున్నారు. కింది స్టేషను 1,035 మీటర్ల ఎత్తున ఉంది, పై స్టేషను 3,777 దగ్గర. మధ్యలో ఒకచోట డబ్బా మారినా మొత్తం ప్రయాణం 20 నిమిషాలే. అక్కణ్ణుంచి కొండరాతిలో తొలిచిన లిఫ్టు ఇంకో 65 మీటర్లు లేపి 3,842 దగ్గర వదులుతుంది. మా పక్క జిల్లాలోని మహేంద్రగిరి 1,501 మీటర్లు. రెండున్నర మహేంద్రగిరులని ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినా తమరి పై మేడ ఇంకా 90 మీటర్లు ఎత్తునే ఉంటుంది. బరంపురం నుంచి గోపాలపురం బీచికి ఆటోలో పోయేలోపు ఇదంతా అయిపోతుంది.

మా తారాతారిణి కొండని చూడండి. రుషికుల్య ఒడ్డున, 999 మెట్లు. రోప్‌వే ఉంది, కాదనం. మెట్ల దారిన ఎక్కేవాడికి మాత్రం రెండొందలో మెట్టు దగ్గర మోకాలు ఒక మాట అంటుంది, ఐదొందల దగ్గర ఊపిరి ఇంకోమాట అంటుంది. ఎంత ఎత్తెక్కామో ఒళ్లు ఎప్పటి లెక్క అప్పుడు కట్టేస్తుంది. తమరేమో షావుకారు పద్ధతి పెట్టారు. ఎత్తంతా అరువిచ్చి, పైకి తీసుకెళ్లాక అసలూ వడ్డీ కలిపి ఒక్కసారే వసూలు చేస్తారు.

ఆ వసూలు ఎలా ఉంటుందో తెలియక వచ్చేవాళ్లే ఎక్కువ. 3,842 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉండేదాంట్లో దాదాపు 63 శాతం. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, ఆ గాలే పలచబడింది. అంచేత ప్రతి ఊపిరికీ మూడోవంతుకి పైగా తరుగు. డబ్బాలో నిలబడ్డంతసేపూ ఏమీ తెలియదు. దిగి, ఎవరో ఫొటో తీస్తామన్నారని నాలుగు మెట్లు గబగబా ఎక్కితే గుండె దడదడలాడుతుంది, కళ్లముందు చుక్కలు తిరుగుతాయి. గాలి సోకిందని దిష్టి తీయబోయే పెద్దవాళ్లకి చెప్పాల్సిందొకటే: అక్కడ సోకాల్సినంత గాలి లేదు. కూర్చోవాలి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి, పెళ్లిపందిట్లో పీటల మీదికి నడిచినంత నెమ్మదిగా నడవాలి. తలనొప్పి, వికారం తగ్గకపోతే దిగిపోవడమే మందు. పైన రెండు గంటలుంటే చాలు. గుండెజబ్బు ఉన్నవాళ్లు టికెట్టు కొనేముందే డాక్టరుని అడగాలి, కొన్నాక అడిగితే మనసు ఒప్పదు.

చెవులు దిబ్బడ పడతాయి. ఏదో ఒక బిళ్ల చప్పరిస్తుంటే గుటకలు వాటంతటవే పడి చెవి విడుతుంది. జలుబుతో వచ్చినవాళ్లకి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు నొప్పి ఎక్కువ.

తమరి యంత్రం మాత్రం మాకు కొత్తేమీ కాదు. బావి గిలక మీద రెండు చేదలు, ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. ఒక్కో అంచెలో రెండే డబ్బాలు. కదలకుండా బిగించిన లావుపాటి తీగల మీద చక్రాలు దొర్లుతాయి, లాగే తీగ వేరు. ఎక్కే డబ్బా బరువులో చాలా భాగాన్ని దిగే డబ్బాయే మోస్తుంది, ఆ తేడానీ రాపిడినీ మోటారు లాగితే సరిపోతుంది. పొద్దున ఎక్కేది నిండు డబ్బా, దిగేది ఖాళీ డబ్బా కాబట్టి మోటారుకి అప్పుడే చాకిరీ. సాయంత్రం చాకిరీ బ్రేకులది. ‘జనం ఇంతమంది ఉన్నారు, ఇంకో డబ్బా వెయ్యండి బాబూ’ అని పండగపూట బస్టాండులో అడిగినట్టు అడిగితే తమరి దగ్గర కుదరదు. మూడో చేద కట్టడానికి గిలకలో చోటు లేదు. క్యూ అంత పొడుగున్నా తమరు తొణకకుండా అదే తీరున ఊగుతూ రావడానికి కారణం ఇదే.

కింది అంచెలో స్తంభాలున్నాయి. ఒక్కోటి దాటినప్పుడల్లా డబ్బా ఉయ్యాలలా ఊగి, లోపలి జనం అన్ని భాషల్లోనూ ఒకే కేక పెడతారు. పై అంచెలో స్తంభమే లేదు, తీగ మొదలు నుంచి చివరిదాకా ఏ ఆసరా లేకుండా, హిమానీనదం మీదుగా వేలాడుతూ పోతుంది. 1955లో ఇది నడవడం మొదలైంది. కట్టించిన ఇంజినీరు డీనో లోరా తొతీనో ఇటలీవాడు. అసలు తీగని లాక్కోవడానికి ముందో సన్నతీగ పైకి చేరాలి కదా, దాన్ని చేర్చింది కొండ గైడ్లు. ఇప్పటి 20 నిమిషాలు వాళ్ల భుజాల మీద నుంచి వచ్చినవే. ఈ మాట తమరి బోర్డుల మీద ఇంకాస్త పెద్దక్షరాల్లో రాయిస్తే బాగుంటుంది.

చీటీ సంగతి. టికెట్టు ఉన్నంత మాత్రాన ఎక్కనివ్వరు, టైమూ డబ్బా నంబరూ పడాలి. ఆన్‌లైన్లో ముందే తీసుకుని, తొలి డబ్బాల్లో పోవడం మేలు. మధ్యాహ్నానికి లోయలో గాలి వేడెక్కి పైకి లేచి మబ్బు కడుతుంది, శిఖరాలు ముసుగేసుకుంటాయి. మధ్య మజిలీ ప్లాన్ ద లెగ్వీ, 2,317 మీటర్లు. మా వాళ్లు ఓడిపోయేది ఇక్కడే. డబ్బా తలుపు తెరుచుకోగానే ‘ఏటమ్మా, ఇంతేనేటి?’ అనుకుంటూ బయటికి నడిచి ఫొటోలు మొదలెడతారు. రెండో డబ్బా ఎదురుగుండా నిండిపోయి వెళ్లిపోతుంది. అక్కడ చూడాల్సింది లేకపోలేదు, కొంచెం నడిస్తే నీలి చెరువొకటుంది. దాన్ని దిగేటప్పుడు చూసుకోవాలి. రద్దీ రోజుల్లో దిగడానికి కూడా చీటీ ఇస్తారు. పై స్టేషన్లో అడుగుపెట్టగానే అది చేతిలో పడాలి, మంచు ముట్టుకోవడం తర్వాత.

ఇప్పుడు తమరు మా ఊరికి చేసిన అసలు అన్యాయం. ఆవకాయ పొట్లం.

బరంపురం నుంచి విదేశం వెళ్లే ఏ సంచీలోనైనా ఊరగాయా అప్పడాలూ ఉంటాయి, కొండెక్కేరోజు పులిహోరతో పాటు ఆవకాయ కూడా సంచీలోకి చేరుతుంది. సముద్రమట్టంలో వేడిమీద అంటించిన ప్లాస్టిక్ పొట్లం అది, లోపల కాస్త గాలి మిగిలిపోయి ఉంటుంది. షామొనీలో ముడతలు పోయి నున్నగా కనిపిస్తుంది. మధ్య మజిలీలో చిన్న బొజ్జ వస్తుంది. పైకి చేరేసరికి లోపలి గాలి ఒకటికి ఒకటిన్నర పైచిలుకు చోటు అడుగుతుంది, పొట్లం డప్పులా బిగుసుకుంటుంది, వేలితో కొడితే మోగుతుంది. అంటించిన అంచులో ఏ మూల బలహీనంగా ఉందో నూనెకి తెలుసు. ముందొక ఎర్రటి చుక్క, తర్వాత సన్నటి ధార, ఆ తర్వాత ఉన్ని శాలువా మీద ఏ సబ్బుకీ లొంగని ఆవనూనె మరక. బిగుతు మూత స్టీలు డబ్బా అయితే ఇంకా ప్రమాదం. పైన మూత తిప్పగానే ఫట్‌మని తెరుచుకుని, పక్కనున్న జపాను ఆయన తెల్ల కోటు మీద ఊట పడుతుంది. పొట్లం అంటించేముందు గాలంతా నొక్కి తీసెయ్యాలి, లేదా కింది స్టేషన్లోనే అన్నం తినేసి ఎక్కాలి. తమరి మేడ మీద నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కరు లేకుండా కందిపప్పు ఉడికే చోటు కాదది. అక్కడి కాఫీ ఎందుకు నాలుక కాలడం లేదని తమరి మనుషులతో తగువుపడి లాభం లేదు.

ఫోను సంగతి కూడా చెప్పాలి. మన భాషలో దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. ఫోను తమరి కొండెక్కగానే నిజంగానే కొండెక్కుతుంది. ఎత్తు పెరిగిన ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరేడు డిగ్రీలు తగ్గుతాయి, షామొనీలో 22 ఉంటే పైన నాలుగైదు, గాలి తోడైతే ఒంటికి సున్నా కిందే. చలికి లిథియం బ్యాటరీ నీరసించి, నలభై శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతుంది. చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకుని ఫొటోకి మాత్రమే బయటికి తీస్తే బతుకుతుంది. పట్టుచీర వెచ్చనే గానీ అంచు మంచులో తడిసి అట్టలా బిగుస్తుంది, కాళ్లకి చెప్పులు అసలు పనికిరావు. మంకీ క్యాపుని చూసి మా పిల్లలు ఎంత నవ్వినా అక్కడ దానికి తిరుగులేదు. నల్లకళ్లద్దాలు మాత్రం సోకు కోసం కాదు, మంచు మీద పడిన ఎండ తిరిగి కిందనుంచి ముఖాన కొడుతుంది.

ఇంకో మాట అడుగుతాం, తప్పుగా అనుకోకండి. కొండెక్కాక దేవుడు ఎక్కడ? గుడి లేదు, గంట లేదు, ప్రసాదం లేదు. మా తారాతారిణికి చైత్ర మంగళవారాల్లో చంటిపిల్లల్ని ఎత్తుకుని జనం విరగబడతారు, తొలి తలనీలాలు అక్కడే ఇవ్వాలి. తమరేమో మూడేళ్లు నిండని బిడ్డని గడపే దాటనివ్వరు. కారణం సబబైనదే. చంటివాడికి చెవి నొప్పెడితే గుటక వెయ్యమని చెప్పలేం, ఊపిరి అందకపోతే వాడు చెప్పలేడు. అయినా మనవడిని కింద ఎవరి దగ్గర వదలాలో తేలక ఏ నానమ్మో తాతయ్యో టికెట్టు వదులుకోవడం అక్కడ మామూలే. టికెట్లు తీసేవాళ్లు ఈ ముక్క ముందే చదవాలి.

దేవుడికి బదులు 2013 డిసెంబరులో గాజుగది పెట్టారు. కింద, పైన, పక్కలా గాజే, పాదాల కింద వెయ్యి మీటర్ల శూన్యం. సంచులు బయట పెట్టి, గీతలు పడకుండా మెత్తటి చెప్పులు తొడుక్కుని లోపలికి పోవాలి. గుడి ముందు చెప్పులు విప్పే జాతికి చెప్పులు తొడుక్కుని లోపలికి పోవడం కొత్తే. దీనికి వేరే క్యూ, ఒక్కోసారి గంట పడుతుంది. ముందు మేడ మీదికి పోయి, చూపు కడుపునిండా అయ్యాక గాజుగదికి రావడం తెలివైన పని.

చూపు అంటే మోం బ్లాన్, ఆల్ప్స్ పర్వతాలన్నిట్లోకీ ఎత్తైన తెల్లకొండ. 2023లో కొలిస్తే 4,805.59 మీటర్లు, నెత్తిన మంచు మందం మారుతుంటే ఎత్తూ మారుతుంది. షామొనీలో నిలబడితే 4,304 మీటర్ల డోమ్ ద్యు గూటే దానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది, దగ్గరగా ఉండబట్టి. మేడ మీద కూడా అదే మాయ. ఎదురుగా కొమ్ములు తిరిగిన మగాడిలా నిలబడేది మోం బ్లాన్ ద్యు తకూల్, 4,248. దాని వెనక మోం మోదీ, 4,465. అసలాయన ఆ వెనక, పెద్దరికం కనబరచకుండా గుండ్రంగా కూర్చుని ఉంటాడు. ఊళ్లో వాట్సాప్ స్టేటస్సుల్లో తెల్లకొండ అని తిరిగే బొమ్మల్లో చాలావాటిలో ఉన్నది తకూలే. ఇక ఇటు తూర్పుకి తిరిగితే కొక్కెంపన్ను లాంటి దాంత్ ద్యు జెయాం, గ్రాంద్ జొరాస్ గోడ, తేటగా ఉంటే బాగా దూరాన మాటర్‌హార్న్ మొన. దీన్ని చూసినవాళ్లు అబద్ధం చెప్పనక్కర్లేదు.

చివరికి గాలి. ఆకాశం నీలంగా మెరుస్తుంటే తమరు మూసేయడం మా వాళ్లకి ఎంతకీ మింగుడుపడదు. డబ్బా తీగకి వేలాడే గడియారపు లోలకం, పక్కగాలికి ఊగితే స్తంభానికీ స్టేషను గోడకీ తగులుతుంది. అందుకే ఎండ ఉన్నా మూత. దీనికి తిరుగుడు వరస కూడా ఉంది. లోయ నిండా మబ్బు కమ్మి చినుకు పడుతుంటే దిగాలుపడి హోటల్లో ఉండిపోయేవాళ్లుంటారు. అదే గంటకి పైన ఎండ కాస్తుంటుంది, మబ్బంతా కింద పాలసముద్రంలా పరుచుకుని ఉంటుంది. కిటికీలోంచి ఆకాశం చూసి నిర్ణయించకూడదు, పై కెమెరా బొమ్మ చూడాలి. నవంబరులో తమరు మరమ్మతులకి మూస్తారు. దీపావళి సెలవులు కలిసొచ్చాయని టికెట్లు తీసేవాళ్లు ఆ తేదీ ఒకసారి చూసుకోవాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి బాకీదారులు,
బరంపురం, గంజాం జిల్లా.

తా.క. పైన నీళ్లు సగం తాగి మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ సీసా కిందికొచ్చేసరికి ఎవరో పిసికినట్టు నొక్కుకుపోయి ఉంటుంది. పక్కనున్న గుంటడిని కేకలెయ్యకండి, వాడు ముట్టుకోలేదు. అందులో ఉన్నది తమరి పలచటి గాలి. మూత తిప్పితే సుయ్యిమని లోయ గాలి దూరి, సీసా టప్పుమని మళ్లీ నిలబడుతుంది. ఆ మేరకు మా బాకీలో జమ వేసుకోండి.