పిచ్చి ముందే ఉంది, పుస్తకం తర్వాత వచ్చింది
బ్రిటన్‌లో ఇయాన్ అలన్ అనే ప్రచురణకర్త రైలింజన్ల పుస్తకాలు వేశాకే, కనబడిన ఇంజన్ల నంబర్లు రాసుకునే పిచ్చి పుట్టిందన్నట్టు కొందరు రాస్తుంటారు. నేనైతే ఒప్పుకోను. ఆ పిచ్చి జనంలో ముందే ఉంది. లండన్ వాటర్‌లూలో సదరన్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, ఇంజన్ల వివరాలు అడిగే ఉత్తరాలకు జవాబులు రాసి రాసి విసిగిపోయే కదా ఆయన 1942లో ఆ రైల్వే ఇంజన్ల నంబర్లు, వివరాలతో చిన్న పుస్తకం తెచ్చింది! పైవాళ్లు మాకొద్దంటే సొంతంగా అచ్చేయించాడు. ఆయన గొప్పంతా అక్కడుంది. నెల్లూరు జిల్లా మా బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ల షెడ్డు నడిచిన రోజుల్లో మాకు ఏ పుస్తకమూ లేదు. బొగ్గు ముక్కతో గోడ మీదే నంబర్లు. ప్యాసింజరు బళ్లు లాగే డబ్ల్యూపీ రకం ఇంజను వచ్చిందంటే దాని ముక్కు మీది నక్షత్రం చూడ్డానికి ఒకటే పరుగు. గూడ్సు లాగే డబ్ల్యూజీని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, పాపం. నాన్న షెడ్డులో ఫిట్టరు. అన్నం కలుపుతూనే, కూత విని డ్రైవరెవరో చెప్పేసేవాడు. షెడ్డు మూతపడ్డాక ఆ గోడలకూ సున్నం కొట్టేశారు. అప్పట్లో ఇక్కడ ఏయే ఇంజన్లు ఉండేవో తెలియాలంటే, రిటైరైన పెద్దాయన ఎవరైనా టీకొట్టు దగ్గర దొరకాలి. దొరికినా ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు.