అరటికాయ నల్లబడితే మందు కొట్టినట్టేనా? ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ మధ్య మా బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ గుంటూరు చుట్టాల గ్రూపుల్లోనూ ఒకటే మెసేజ్ తెగ తిరుగుతోంది. "అరటికాయ వండేముందు ఒక్కసారి ఇది చదవండి" అని మొదలవుతుంది. కోయగానే నల్లబడితే కార్బైడ్ వేసినట్టే, తొక్కలో విషం ఉంటుంది, కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడకబెట్టాలి, ఇలా వండుకుని రోజూ తింటే షుగర్ మాత్రలతో పనే లేదు. ఇదీ సారాంశం. పైన విషం, కింద మందు, రెండూ ఒకే కాయలో! పంపినవాళ్ళు చివరిదాకా చదివారా అని నా అనుమానం.

ముందు నల్లబడటం సంగతి. వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడదా? ఆపిల్ ముక్క రంగు మారదా? ఇదీ అంతే. కత్తి పడగానే కాయలో ఉండే ఎంజైము, గాలిలో ఉండే ఆక్సిజన్, లోపలి వగరు పదార్థాలు కలిసి ఆ రంగు తెస్తాయి. ఇక కార్బైడ్ అంటారా, అది కాయని మగ్గబెట్టడానికి వేసేది. కూరకి పచ్చిగా అమ్మాల్సిన కాయని మగ్గబెట్టుకుని ఆ అమ్మేవాళ్ళు ఏం బాగుపడతారు చెప్పండి? కార్బైడ్‌తో పళ్ళు మగ్గబెట్టకూడదని 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది, అయినా వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు, కాదనను. ఆ అనుమానమేదో మామిడిపండు కొనేటప్పుడు పెట్టుకోండి. పటమట రైతుబజార్లో కాయలమ్మే ఆవిడని ఈ మాటే అడిగితే, "నల్లబడకపోతే అది అరటికాయెందుకవుద్దమ్మా" అంది.

నల్లబడకుండా చూసుకోవడం చాలా తేలిక. కాయ కోయకముందే గిన్నెలో నీళ్ళు పోసి, రెండు గరిటెల పుల్లటి మజ్జిగ, కాస్త ఉప్పు కలిపి పెట్టుకోండి. ముక్క కత్తి నుంచి తిన్నగా అందులోకే పడాలి, ప్లేట్లో పోగేసి తర్వాత వేద్దాంలే అనుకుంటే అప్పటికే రంగు మారిపోతుంది. పులుపుంటే ఆ ఎంజైము సరిగ్గా పనిచేయదు, నీళ్ళలో మునిగి ఉంటే గాలి తగలదు. మజ్జిగ లేకపోతే చింతపండు రసం. చేతులకీ కత్తికీ నూనె రాసుకోవడం మర్చిపోకండి, జిగురు చేతికంటితే ఎలాగోలా పోతుంది కానీ చీరకో చొక్కాకో అంటితే మరక ఇక ఉండిపోయినట్టే. ఆ మెసేజ్‌లో నిజంగా రాయాల్సిన హెచ్చరిక ఇది, ఇదొక్కటే లేదు.

తొక్కలో విషం. విషమే అయితే తొక్క పచ్చడి చేసుకునే ఇళ్ళ సంగతేంటి? తొక్కలో ఉండేది వగరు, పీచు. లేతకాయ అయితే అంచుల్లో గట్టిగా ఉండే నారలు, పైన పల్చటి పచ్చపొర తీసేసి, మిగతాది సన్నగా తరిగి పసుపు నీళ్ళలో ఉడికించి, వేయించిన మిరపకాయలు, చింతపండు వేసి నూరితే అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. బాగా కడగమంటారా, ఆ మాట ఒప్పుకుంటాను, పైన దుమ్మూ, ఎప్పుడైనా కొట్టిన మందూ ఉంటే కొంతవరకు పోతాయి. అసలు పొడికీ ముద్దకూరకీ చేసేవాళ్ళు కాయని తొక్కతోనే రెండు ముక్కలుగా కోసి ఉడకేస్తారు, చల్లారాక తొక్క దానంతటదే ఊడొస్తుంది, జిగురు గొడవా ఉండదు.

ఇప్పుడు ఆ నాలుగు విజిల్స్. ఇది రాసిన మనిషి జన్మలో అరటికాయ వండలేదని నాకు నమ్మకం. నాలుగు విజిల్స్‌కి తరిగిన ముక్కలు గుజ్జయిపోతాయి, పైగా ఆ గుజ్జు బంకబంకగా మూతకంటుకుంటుంది. తొక్కతో పెద్ద ముక్కలైతే ఒక్క విజిల్ చాలు. ఆవపెట్టిన కూరకైతే కుక్కరే వద్దు. మూడు కాయల ముక్కలు మునిగేలా నీళ్ళు పోసి, పసుపు, ఉప్పు, నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత చింతపండు పిండిన రసం వేసి, మూత లేకుండా ఉడికించండి. చింతపండు రుచికే కాదు, పులుపున్న నీళ్ళలో ముక్క చెదరకుండా నిలుస్తుంది. చాకు మొన గుచ్చితే లోపలికి దిగాలి, ముక్క మాత్రం విరగకూడదు, అక్కడ దించి వార్చేయాలి. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి ముక్కలు ఓ రెండు నిమిషాలు మగ్గనిచ్చి స్టవ్ కట్టేయండి. ఆవ ముద్ద స్టవ్ కట్టేశాకే కలపాలి. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, కాస్త కొబ్బరి కలిపి నూరిన ముద్ద మంట మీద పడిందా, ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. అరటికాయ తద్దినాల కూర అని మొహం తిప్పుకునేవాళ్ళు ఈ కూర వేడన్నంలో తిని చూసి మాట్లాడితే బాగుంటుంది.

వేపుడుకి ఉడకబెట్టడమే అక్కర్లేదు. మజ్జిగ నీళ్ళలోంచి తీసి బట్ట మీద ఆరబెట్టి, మూత పెట్టకుండా వేయించి, ఉప్పుకారం దించేముందు చల్లండి. ముందే ఉప్పేస్తే నీరొచ్చి మెత్తబడతాయి.

నీళ్ళు పారబోసి మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టడం అనేది పూర్తిగా గాల్లోంచి వచ్చిన మాట కాదు. అరటికాయలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి దాన్ని తగ్గించుకోమని డాక్టర్లు చెబుతారు, ఉడికించి వార్చేస్తే అందులో కొంత నీళ్ళలోకి పోతుంది. వాళ్ళ కోసం చెప్పింది ఎవరో ఎత్తుకొచ్చి ఊరందరికీ అంటించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అలా చేస్తే పోయేది రుచి. గ్యాస్ పట్టిస్తుందనే భయంతో చేసేవాళ్ళుంటే, అది సగం ఉడికిన ముక్కలు ఎక్కువ తిన్నప్పుడు కడుపు ఉబ్బరించడమే, సరిగ్గా ఉడికించి అల్లం, ఇంగువ వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు.

చివరికి షుగర్. పచ్చికాయలో త్వరగా అరగని పిండిపదార్థం ఎక్కువగా ఉండే మాట నిజమే, ఈ పుకారు పుట్టింది అక్కడే. కానీ ఉడికించేసరికి అందులో చాలా భాగం మామూలుగా అరిగే పిండిగా మారిపోతుంది, ఇక మనం దాన్ని తినేది గిన్నెడు అన్నంలో కలుపుకుని. కాయ కాస్త పసుపు తిరిగిందంటే పిండి చక్కెరగా మారడం అప్పటికే మొదలైనట్టు. షుగరున్నవాళ్ళు అరటికాయ తినొచ్చు, ఆ పూట అన్నం కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది, నూనెలో తేలే బజ్జీల జోలికి మాత్రం రోజూ పోకండి. మాత్రలు ఆపడమనేది మీకూ మీ డాక్టరుకీ మధ్య తేలాల్సిన విషయం. మా గ్రూపులో ఒక పెద్దాయన "అయితే రేపట్నుంచి మాత్ర మానేసి చూడనా" అని సీరియస్‌గానే అడిగారు, లేకపోతే నేనింత పొడుగు రాసేదాన్ని కాదు.