నాష్‌విల్ మడి

పల్లె జానపదాల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతం మైలపడిపోయిందని అమెరికాలో పదేళ్లకొకసారైనా ఎవరో ఒకరు గుండెలు బాదుకుంటారు. నేను వారి పక్షం. మడి అన్నాక మడే. అయితే ఏ బావి నీళ్లతో ఆ మడి కట్టారో తెలిస్తే మన వాదానికి బలం వస్తుందని పాత సంగతులు కాస్త తిరగేశాను. తిరగేయకుండా ఉండాల్సింది.

ఈ సంగీతానికి గర్భగుడి నాష్‌విల్ నగరంలోని గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీ. 1925లో దాన్ని మొదలుపెట్టిన డబ్ల్యూఎస్ఎం రేడియో ఒక బీమా కంపెనీది. ఆ మూడక్షరాలూ 'లక్షలాది మందికి మా రక్ష' అనే అర్థం వచ్చే కంపెనీ నినాదంలోంచి తీసినవే. పోనీండి, ఏ గుడికి హుండీ లేదు?

అక్కడి తొలి కళాకారుల్లో హంఫ్రీ బేట్ అనే వైద్యుడు ఒకరు. నిర్వాహకుడు జార్జ్ హే ఆయన బృందానికి 'పాసమ్ వేటగాళ్లు' అని పేరు పెట్టాడు. పాసమ్ అంటే పిల్లి అంత ఉండే అడవి జంతువు. కోటు వేసుకునే వారికి పల్లెటూరి బట్టలు తొడిగించి ఫొటోలు తీయించాడు. రోగుల నాడి చూసే మనిషిని అడవి జంతువుల వెంట తరిమితే గాని స్వచ్ఛత రాలేదన్న మాట.

ఆప్రీ అన్న పేరు పడిన 1927 నాటి రాత్రి హార్మోనికా మీద రైలును పరుగెత్తించినవాడు నల్లజాతి కళాకారుడు డీఫోర్డ్ బెయిలీ. 1941లో ఆయన్ను పంపించేశారు. బూటు పాలిష్ చేసి బతికాడు. కంట్రీ సంగీత మేటుల గౌరవ పీఠమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2005లో దొరికింది, పోయిన 23 ఏళ్లకు. పోయినవారిని గౌరవించడంలో ఒక సౌకర్యం ఉంది, వారు జీతం అడగరు. ఆఫ్రికా బానిసల వెంట వచ్చిన బాంజోను మాత్రం ఎవరూ పంపించలేదు.

డ్రమ్ముల సంగతీ అంతే, ఆప్రీలో అవీ మైలే. 1944లో బాబ్ విల్స్ తన బృందంతో వస్తే డ్రమ్ములను తెర వెనక పెట్టించారని చెబుతారు. ఉల్లి నిషిద్ధమైన ఇంట్లో పెరటివైపు పకోడీలు వేయించుకున్నట్టు.

ఇక అసలు యాగం 1975 అక్టోబరులో, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పురస్కారాల సభలో జరిగింది. ఏడాది మేటి కళాకారుడి పేరు ప్రకటించాల్సింది అంతకుముందటి ఏటి విజేత చార్లీ రిచ్. కవరు తెరిచాడు. లోపల జాన్ డెన్వర్ పేరు ఉంది. కొలరాడో కొండల గురించి పాడే, గుండ్రటి కళ్లజోడు పెట్టుకునే, కంట్రీ కాదు పాప్ అని మడివారు గొణిగే డెన్వర్. రిచ్ లైటరు తీసి కాగితానికి అంటించాడు. అది కాలుతుండగానే తన మిత్రుడు జాన్ డెన్వర్ గెలిచాడని ప్రకటించాడు. డెన్వర్ సభలో లేడు, ఉపగ్రహం ద్వారా ఆస్ట్రేలియా నుంచి తెర మీద కనిపిస్తున్నాడు. మంట అతని కంటపడలేదు. నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

మందు ఎక్కువైందని, నొప్పి మాత్రల ప్రభావమని తర్వాత రకరకాలుగా చెప్పారు. నాకు మాత్రం అది హోమమే. చిక్కల్లా ఋత్విజుడితోనే. రిచ్ జాజ్ మీద మోజుతో పెరిగి, సన్ రికార్డ్స్‌లో రాక్ అండ్ రోల్ పాడి, చివరికి వయొలిన్ల దండును వెంటబెట్టుకున్న పాటలతో పైకొచ్చినవాడు.

2019లో నల్లజాతి రాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'లో నేటి కంట్రీ లక్షణాలు చాలవని, పాటల జాబితాలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక దాన్ని కంట్రీ జాబితాలోంచి తీసేసింది. అది ప్రధాన జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రీమిక్స్‌కు అదే ఏడాది అసోసియేషనే పురస్కారం ఇచ్చింది. సంప్రోక్షణ అయిపోయిందనుకోవాలి. 2024లో కంట్రీ ఆల్బమ్ చేసిన నల్లజాతి గాయని బియాన్సేకు ఆ అసోసియేషన్ ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. మరుసటి ఫిబ్రవరిలో గ్రామీవారు ఉత్తమ కంట్రీ ఆల్బమ్ పురస్కారాన్ని ఆమెకే ఇచ్చారు.

కనుక సంఘం పెద్దలకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ప్రతి కవరుతోపాటు ఒక లైటరు కూడా ఇవ్వండి. అగ్నిప్రమాదం సంగతేమిటని కంగారు పడకండి, ఈ గుడి కట్టిందే బీమా కంపెనీ.