ఇంకొక్క టచ్ గారికి

మహారాజశ్రీ ఇంకొక్క టచ్ గారి సముఖానికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనని తెలుసు. నిన్న మధ్యాహ్నం 2:10 నుంచి 4:45 దాకా మా ఇంట్లోనే, నా చెయ్యి పట్టుకునే ఉన్నారు కదా. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామంటే, గోడకి ఆనించిన ఆ నాలుగడుగుల కాన్వాస్ వింటుందేమోనని మొహమాటంగా ఉంది.

నిన్న 2:10కి ఆ బొమ్మ పూర్తయింది. ఈ మాట అన్నది నేను కాదు, మా అమ్మ. ఇన్నేళ్ళుగా అమ్మ నా బొమ్మల జోలికి రాదు. భోజనానికి పిలవడానికి వస్తుంది, పెళ్ళిలో పేరు గుర్తురాని దూరపు చుట్టాన్ని చూసినట్టు కాన్వాస్ వైపు ఓ చూపు చూస్తుంది, వెళ్ళిపోతుంది. నిన్న మాత్రం చేతిలో గరిటెతో గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇది బాగుందే. ఇంక ముట్టుకోకు" అంది.

పూర్తయిన బొమ్మకి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? సంబరంగా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో పిన్ని జవాబు: "బాగుందమ్మా. పూర్తయ్యాక మళ్ళీ పెట్టు."

పిన్నిని పురమాయించింది మీరేనని నా అనుమానం. ఎందుకంటే ఆ వెంటనే మీరు దయచేశారు.

నా పని పద్ధతి మీకు కొత్త కాదు. నా బొమ్మల్లో మనిషీ, చెట్టూ ఉండవు, రంగులే. స్కెచ్ ఉండదు, ప్లాను ఉండదు. కాన్వాస్‌ని నేలమీద పడుకోబెట్టి, నీళ్ళు కలిపిన రంగు ఒంపి, అటూ ఇటూ వంచి, ఎటు పోతుందో చూస్తాను. ఎల్లో ఓకర్ ఒక పొర. ఆరాక దానిమీద అల్ట్రామెరీన్. అది సగం తడి మీద ఉండగా ఎక్స్‌పైరీ అయిపోయిన ఏటీఎం కార్డుతో గీకుతాను. ఆ కార్డు డబ్బులిచ్చిన రోజుల్లో కూడా ఇంత ఉపయోగపడలేదు. తర్వాత నాలుగు వైపులా తిప్పి చూడటం, పక్క గదిలో పెట్టి నీళ్ళ గ్లాసు వంకతో వెళ్ళి దొంగచాటుగా చూడటం. ఈ బొమ్మకి ఇలా 20 రోజులు పట్టింది. అసలే శ్రావణమాసం ముసురు, పొర ఆరడానికే పూటలు పట్టింది. చివరికి పై ఎడమ పక్కన నీలం కింద నుంచి పాత పసుపు, చీకటి పడ్డాక గడ్డివాములాగా, ఉండీ లేనట్టు కనిపించడం మొదలైంది. కింద కుడి మూల అరచేయంత జాగా మాత్రం ఏ రంగూ తగలకుండా ఉత్త కాన్వాస్‌గా మిగిలింది. బొమ్మంతా ఊపిరి పీల్చుకునేది అక్కడే.

మీ చూపు సరిగ్గా అక్కడే పడింది. "ఆ మూల బోసిగా లేదూ? చిటికెడు ఆరెంజ్. అంతే." ఎంత మర్యాదగా అడిగారండీ! పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత మర్యాదగా అడగరు.

చిటికెడే వేశాను. పక్కనున్న నీలం ఇంకా తడిగా ఉందన్న సంగతి మీకు తెలుసు, నాకూ తెలుసు. నీలం, ఆరెంజ్ ఎదురెదురు రంగులు. పక్కపక్కన కూర్చోబెడితే రెండూ వెలుగుతాయి, కలిపారో బురద. ఆ బురదైనా గోదారి వరదనీళ్ళ రంగులో ఉంటే సర్దుకుపోయేదాన్ని. మా వీధిలో డ్రైనేజీ తవ్వి పోసిన మట్టి రంగు వచ్చింది. సరిచేద్దామని తెల్లరంగు కలిపాను. తడిగా ఉన్నప్పుడు సరిపోయింది, ఆరాక ఒక ఛాయ నల్లబడింది. యాక్రిలిక్ రంగులో బైండర్, అంటే రంగుపొడిని పట్టి ఉంచే జిగురు, తడిమీద పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా అయిపోతుంది, కాబట్టి రంగు ముదురుతుంది. కుర్రవాళ్ళకి నేనే పాఠం చెబుతాను ఇది. మీరు పక్కనుంటే నా పాఠం నాకే గుర్తుండదు. మళ్ళీ తెలుపు. ఇప్పుడు కుడివైపు బరువెక్కింది కాబట్టి ఎడమవైపు కాస్త. ఎడమవైపు అంటే ఆ గడ్డివాము. ఒక అబద్ధాన్ని కప్పడానికి పది అబద్ధాలాడినట్టు, 4:45కి కాన్వాస్ మీద 20 రోజుల పని ఆనవాలు కూడా లేదు.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. కోతి నయం కదండీ, చూడగానే కోతి అని తెలుస్తుంది.

అయిదింటికి అమ్మ కాఫీ తెచ్చింది. బొమ్మని చూసింది. "చల్లారకముందే తాగు" అంది. అంతే.

మీరు గొప్ప గొప్ప ఇళ్ళలో తిరిగినవారని తెలుసు. ఫ్రాన్స్‌లో బొన్నార్ అనే పెద్దాయన, మ్యూజియంలో వేలాడుతున్న తన బొమ్మ దగ్గరికే వెళ్ళి, కాపలావాణ్ణి స్నేహితుడు మాటల్లో పెడితే, జేబులోంచి బ్రష్ తీసి ఓ ఆకుకి రంగు దిద్దాడని చెప్పుకుంటారు. పక్కన మీరున్నారు కదూ? అమెరికాలో డి కూనింగ్ అనే చిత్రకారుడు 1950లో 'ఉమన్-1' మొదలుపెట్టి, వేసి, గీకి, మళ్ళీ వేసి, ఏడాదిన్నర పైగా మీ చేతిలో నలిగి, చివరికి విసిగి పక్కన పారేశాడు. మేయర్ షపీరో అనే కళాచరిత్రకారుడు వచ్చి ఆ బొమ్మని బయటికి తీయించబట్టి బతికింది. నాకు షపీరో లేకపోలేదు. గరిటె పట్టుకుని ముందే వచ్చింది, నేనే వినలేదు. ఇక మన దేశపు చిత్రకారుడు గైతోండే ఉన్నారు. ఢిల్లీలో నెలల తరబడి ఊరికే కూర్చుని, ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కాన్వాసులే వేసేవారు. ఆయన ఇంటి తలుపు మీకు తెరుచుకునేది కాదనుకుంటా. ఆయన అడ్రసు నాకు చిన్నప్పుడే ఎవరైనా ఇచ్చి ఉండాల్సింది.

మీ బంధువర్గం మీద నాకు అంత కోపం లేదు. "తలకిందులుగా పెట్టారేమో" గారికి, మాండ్రియాన్ అనే పేరున్న చిత్రకారుడి బొమ్మ ఒకటి జర్మనీ మ్యూజియంలో దశాబ్దాలు తలకిందులుగానే వేలాడిందని 2022లో బయటపడిందని చెబుతాను, నోరు మూసుకుంటారు. "మా సోఫాకి మ్యాచయ్యే బ్లూ ఉందా" గారు డబ్బులిస్తారు కాబట్టి క్షమించేశాను. "మీకేమండీ, మూడొస్తే వేస్తారు" గారిని ఓసారి ముసురు రోజున పిలిచి, మొదటి పొర ఆరేదాకా ఫ్యాన్ కింద కూర్చోబెడదామని ఉంది.

అమ్మని చూస్తే కుళ్ళు పుడుతుంది. పండగ నెలలో తెల్లారకముందే 15 చుక్కలు పెట్టి, 8 వచ్చేవరకు మధ్యచుక్క వేసుకుంటూ పోతుంది. మెలిక తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికొచ్చి కలుస్తుంది. లేచి నడుం పట్టుకుని నించుంటుంది. ముగ్గు అయిపోయింది! అందులోనూ మనిషి లేడు, చెట్టు లేదు. దాని అర్థమేమిటని వీధిలో ఒక్కరూ అడగరు. పిన్ని అయితే "పూర్తయ్యాక చెప్పు" అనదు. ఎక్కడ ఆగాలో చుక్కలే చెబుతాయి. నాకు చుక్కల్లేవు. ఎగ్జిబిషన్లలో ఎవరైనా "బొమ్మ పూర్తయిందని ఎలా తెలుస్తుంది" అని అడిగితే, "అదే చెబుతుందండీ" అని గంభీరంగా అంటూ ఉంటాను. నిన్న చెప్పింది కూడా. నేను నీ మాట వింటున్నాను.

చూడు, ఇక గారూ గీరూ వద్దు. నువ్వు దొంగవి. ఖాళీ కనబడితే ఓర్వలేవు. 20 రోజులు పనిచేసిన చోటికి నువ్వు రావు, రంగు కలపవు, బ్రష్ కడగవు. అంతా అయ్యాక ఊరేగింపుకొస్తావు. అరచేయంత జాగా. దాన్ని మాత్రం వదిలెయ్యడానికి నీకేం పోయింది?

అన్యాయం చెప్పకూడదు కాబట్టి ఇదీ రాస్తున్నాను. పోయిన మాఘంలో బూడిదరంగు బొమ్మొకటి మూడు వారాలు సంతలో అమ్ముడుపోని చేపలా పడుంది. ఓ రాత్రి లైటు ఆర్పబోతూ వెనక్కొచ్చి, వెడల్పు బ్రష్‌ని పేన్స్ గ్రేలో, అంటే నీలం ఛాయున్న ముదురు బూడిదరంగులో, ముంచి, పై నుంచి కింద దాకా ఒకే ఒక్క లాగు లాగాను. బొమ్మ లేచి కూర్చుంది. అదీ నువ్వే. అదే గొంతు, అదే "ఇంకొక్కటి, అంతే". రెండుసార్లూ నా చెయ్యి ఒకేలా లేచింది. తేడా ఎక్కడుందో నిన్న రాత్రంతా ఆలోచించాను. ఆ రాత్రి ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉంది.

ఈసారి వస్తే రాత్రి పూట రా. రంగు ఆరాక రా. మూలల జోలికి మాత్రం రాకు.

ఇట్లు,
నీ చేతిలో ఓ కాన్వాసూ, డబ్బాడు టైటానియం వైటూ పోగొట్టుకున్న చిత్రకారిణి

తా.క.: నిన్న రాత్రి బొమ్మ ఫొటో మళ్ళీ గ్రూపులో పెట్టాను. "ఇప్పుడు నిండుగా ఉందమ్మా, పూర్తయింది" అని పిన్ని. చప్పట్లు మూడు.