చిరునామా లేని దూరవిద్య గారికి ఒక పాత పోస్టుమాస్టరు ఉత్తరం

మహారాజశ్రీ ఆన్‌లైన్ దూరవిద్య గారి సముఖమునకు,

కోనసీమలో రాజోలుకు దగ్గరగా ఉన్న ఒక కొబ్బరితోటల ఊరి నుంచి, పోస్టుమ్యానుగా చేరి సబ్ పోస్టుమాస్టరుగా పదవీవిరమణ చేసిన ఒక వృద్ధుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు, ఎందుకంటే తమరు నానాటికీ ఎలా వర్ధిల్లుతున్నారో చెప్పడానికి తమ ప్రతినిధులు మా ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నారు.

తమరు నన్ను ఎరగరు కాని, తమరి వంశాన్ని నేను ఎరుగుదును. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే పెన్నీ పోస్టు మొదలైన రోజుల్లోనే ఐజాక్ పిట్‌మన్ అనే ఆయన ఉత్తరాల ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్పారు. శిష్యులు రాసి పంపిన కాగితాలను ఆయన దిద్ది తిరుగు టపాలో పంపేవారు. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్సు కోర్సులు తెరిచింది. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులో పుట్టి, తరువాత అంబేద్కర్ గారి పేరు పెట్టుకుంది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, వచ్చింది. అంటే తమరి తాతతండ్రులందరూ మా టపాసంచిలో పెరిగినవారే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1985లో నేను కూడా ఆ హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాను. పదో తరగతితో చదువు ఆపి ఖాకీ చొక్కా తొడుక్కున్నవాణ్ణి, ఇంటర్మీడియెట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీ చదవవచ్చునని తెలిసిన రోజున నేను సైకిలు మీద ఊరంతా రెండుసార్లు తిరిగాను. బట్వాడా చేయవలసిన ఉత్తరాలు ఆ రోజు మూడే ఉన్నాయి. పాఠాల పుస్తకాలు పోస్టులో వచ్చేవి. నా ప్యాకెట్టు మీద నేనే ముద్ర వేసి, నేనే సంతకం పెట్టి, నాకు నేనే బట్వాడా చేసుకునేవాణ్ణి. ఆదివారం క్లాసులకు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి పాయ దాటి నరసాపురం వైపు వెళ్ళేవాణ్ణి.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద సంగతి డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పంట్లు ఆగిపోయాయి, టపా ఆగిపోయింది, నా పుస్తకాల కట్ట బురదనీళ్ళలో నాని చలిమిడి ముద్ద అయింది. వరద తీసిన తరువాత మూడు ఆదివారాలు ఆలస్యంగా, అతుక్కుపోయిన పేజీలను విప్పుకుంటూ క్లాసుకు వెళితే, ఆర్థికశాస్త్రం చెప్పే మాస్టారు నన్ను చూసి ఒక్కమాట అడగలేదు. తరగతి ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత నన్ను ఒక్కణ్ణి కూర్చోబెట్టి, తప్పిపోయిన మూడు పాఠాల సారాంశం చెప్పి, ఆఖరి పంటు వేళయిందని ఆయనే గుర్తుచేసి పంపించారు. దూరవిద్యలో దూరం అంటే నాకు అప్పటికి తెలిసింది ఒక గోదావరి పాయ మాత్రమే.

ఇప్పుడు తమరి సంగతికి వస్తాను. తమరి ఎదుగుదల చూసి ఓర్వలేక రాస్తున్నానని అనుకోవద్దు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను మంచినీళ్ళకన్నా చవక చేసింది. 2020లో కరోనా వచ్చి తరగతి గదులన్నిటికీ తాళం వేసి తాళంచెవి తమరి చేతికి ఇచ్చింది. అదే ఏడు విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యు.జి.సి. దూరవిద్యకూ ఆన్‌లైన్ విద్యకూ కలిపి కొత్త నిబంధనలు చేసింది. 2021లో, కేంద్రప్రభుత్వం నడిపే స్వయం అనే ఆన్‌లైన్ వేదిక మీది కోర్సుల నుంచి, డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో నూటికి నలభై దాకా తెచ్చుకోవచ్చునన్నది. 2022 సెప్టెంబరులో, గుర్తింపు పొందిన సంస్థలు ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని ప్రకటించింది. ఇన్ని కాలువలు ఒక్కచోట కలిస్తే ఏ బోదె అయినా ఏరవుతుంది. అయితే వ్యవసాయం, నర్సింగు, ఇంజనీరింగు డిగ్రీలు ఆన్‌లైన్‌లో చెప్పరాదని నిబంధన పెట్టారు. వరినాట్లు ఫోనులో వేయించలేమని ఢిల్లీలో ఎవరో గ్రహించినందుకు డెల్టావాణ్ణిగా సంతోషించాను. మేనేజిమెంటు మాత్రం ఏ నేలలోనైనా పండుతుందని వారి నమ్మకం కాబోలు.

తమరి వల్ల మేలు పొందినవారు మా ఊళ్ళోనే ఉన్నారు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తూ, యజమానులు నిద్రపోయిన తరువాత పాఠాలు విని బి.ఏ. పూర్తిచేసిన ఆడపిల్ల ఒకరు ఉన్నారు. ఆమెను కాలేజీలో ఏ ప్రిన్సిపాలూ చేర్చుకోడు, ఏ పంటూ ఆమెను దాటించలేదు. ఈ ఒక్క పనికి తమరికి చేతులెత్తి నమస్కరిస్తాను. మా కోడలి కథ వేరు.

మా అబ్బాయి మస్కట్‌లో ఉంటాడు. చంటిపిల్లను చంకన వేసుకుని మా కోడలు 2022 జనవరిలో ఒక విశ్వవిద్యాలయం వారి ఆన్‌లైన్ ఎం.బి.ఏ.లో చేరింది. చేర్పించినవారు విశ్వవిద్యాలయం వారు కారు, వారి “భాగస్వామి” అట. విశ్వవిద్యాలయాలు తమ ఆన్‌లైన్ కోర్సులను ఫ్రాంచైజీలకు అప్పజెప్పరాదని యు.జి.సి. హెచ్చరించిన నెల కూడా ఆ జనవరే. భాగస్వామి తరఫున ఫోను చేసిన కౌన్సెలరు గారు, ఈ రాత్రి పన్నెండు గంటలకల్లా సీట్లు అయిపోతాయన్నారు. పంటు మీద చోటు అయిపోవడం చూశాను, బస్సులో సీట్లు అయిపోవడం చూశాను. గది లేని, బెంచీ లేని తరగతిలో సీట్లు ఎలా అయిపోతాయో అడగమన్నాను. “అలా అడిగితే డిస్కౌంటు పోతుందేమో, మావయ్యగారూ” అన్నది అమ్మాయి. వడ్డీ లేని వాయిదాలని చెప్పి ఒక అప్పు కాగితం మీద ఫోనులోనే వేలిముద్రలాంటిది వేయించుకున్నారు. మా పోస్టాఫీసులో అయిదు వందల రూపాయల మనియార్డరుకు ఇంతకన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్ళం.

ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు దిగింది. లంకలన్నీ మునిగాయి, మాకు నాలుగు రోజులు కరెంటు లేదు, టవరు మూగబోయింది. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే ఆమె రాయవలసిన క్విజ్ గడువు ముగిసింది. సిగ్నలు వచ్చిన రోజున ఆమె మొర పెట్టుకుంటే “టిక్కెట్ రెయిజ్ చేయండి” అన్నారు, అంటే ఫిర్యాదు నమోదు చేయమని. చేసింది. రెండు రోజుల తరువాత “మీ టిక్కెట్ క్లోజ్ చేయబడినది” అని మెయిలు వచ్చింది. మా ప్రాంతంలో టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి ఎలాగో ఒకలాగ ఆవలి గట్టుకు చేరుస్తారు. టిక్కెట్టును మాత్రమే ముగించి మనిషిని రేవులో వదిలేసే పద్ధతి తమరి దగ్గరే చూశాను.

సెమిస్టరు పరీక్ష ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ముందు రాయాలన్నారు. కెమెరాలోంచి కనిపెట్టేది మనిషి కాదు, యంత్రం. గది తలుపు వేసుకుని, చంటిపిల్లను మా ఆవిడకు ఇచ్చి, నన్ను వీధి అరుగు మీద కాపలా పెట్టి అమ్మాయి పరీక్షకు కూర్చున్నది. గంట తరువాత ఏడుపు ముఖంతో బయటికి వచ్చింది. గదిలో మరొక వ్యక్తి ఉన్నట్టు యంత్రం పట్టుకున్నదట. ఆ వ్యక్తి, గోడ మీద పటంలో ఉన్న మా నాన్నగారు. ఆయన 1978లో కాలం చేశారు. మూడో ఫారంతో చదువు ఆపి, జీవితమంతా కొబ్బరి దింపులు లెక్కపెట్టుకున్న మనిషి. అటువంటి ఆయన గంధపుదండ వెనకనుంచి మనవడి భార్యకు మార్కెటింగ్‌లో జవాబులు అందిస్తున్నారన్నది తమరి అభియోగం. బయట రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటరు యంత్రం మోతను “అనుమానాస్పద సంభాషణ” కింద జమకట్టారు. మా చెరువులు అంత స్పష్టంగా మాట్లాడతాయని మాకే తెలియదు. అప్పటి నుంచి పరీక్షకు ముందు నాన్నగారి పటాన్ని గోడ వైపు తిప్పి పెడుతున్నాం. తద్దినం నాడు తప్ప ఎవరి జోలికీ పోని మనిషికి ఈ శిక్ష.

2023 వచ్చేసరికి అసైన్‌మెంట్లు రాసిపెట్టే చాట్‌జీపీటీ అందరి ఫోనుల్లోకీ వచ్చింది. అమ్మాయి మాత్రం పట్టుదలగా, మా కొబ్బరికి దళారీ ఇచ్చే ధరకూ రాజమండ్రి బజారులో ఉన్న ధరకూ తేడా ఎక్కడ పోతుందో తోటతోటకూ తిరిగి అడిగి సొంతంగా ఇరవై పేజీలు రాసింది. నలభై సెకన్లలో మార్కులు వచ్చాయి. నూటికి అరవై రెండు. ఎక్కడ తప్పిందని ఒక గీత కూడా లేదు. అవే మార్కులు, అదే పొగడ్త వాక్యం, రాయకుండా రాయించుకున్న ఆమె స్నేహితురాలికి కూడా వచ్చాయి. పిట్‌మన్ గారు నూట ఎనభై ఏళ్ళ క్రితం దీపం వెలుగులో చేసిన దిద్దుబాటు పని, ఇంత విద్యుత్తు ఉండి కూడా తమరు ఎందుకు మానుకున్నారో నాకు బోధపడలేదు.

తమరి ప్రకటనల్లో ఎప్పుడూ చేరినవారి లెక్కే కనిపిస్తుంది. హార్వర్డు, ఎం.ఐ.టి.లు ఎడెక్స్ వేదిక మీద నడిపిన కోర్సుల లెక్కలను ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రచురించారు. 2017-18లో చేరిన నూరుమందిలో పూర్తిచేసినవారు ముగ్గురికి కాస్త పైన. పేరు రాయించుకున్నవారిలో సగానికి పైగా ఒక్క పాఠమైనా తెరవలేదు. న్యాయంగా చెప్పాలంటే అవి ఎవరైనా ఉచితంగా చేరే కోర్సులు. రుసుము కట్టి సర్టిఫికెట్టు కోసం చేరినవారిలో దాదాపు సగంమంది గట్టెక్కారు. అయినా పోస్టాఫీసు మనిషిగా నాకు ఒక సందేహం మిగిలిపోయింది. నూరు ఉత్తరాలు సంచిలో వేసుకుని మూడు బట్వాడా చేసి మిగిలినవి పంటకాలువలో పారేస్తే మా సూపరింటెండెంటు నన్ను సస్పెండు చేసి ఉండేవారు. తమరు సంచి బరువు చూపించి బహుమతులు తీసుకుంటున్నారు. రిజిస్టరు ఉత్తరానికి అందినట్టు సంతకంతో ఎక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వస్తేనే మా పని ముగిసేది. తమరి ప్రతి ప్రకటనలో చేరినవారి సంఖ్య పక్కనే పూర్తిచేసినవారి సంఖ్య, ఆ రెంటి పక్కన దిద్దిన మనుషుల సంఖ్య అచ్చువేయమని నా విన్నపం. కాగితం ఖర్చు కూడా లేదు కదా.

మా అమ్మాయికి ఇంకొక పేపరు మిగిలి ఉన్నది. నాన్నగారి మీద వచ్చిన అభియోగం “పరిశీలనలో” ఉన్నందువల్ల ఆ ఫలితం నిలిపివేశారు. ఈ విషయమై నేనే స్వయంగా, తమరి నుంచి వచ్చిన మెయిలుకు జవాబుగా ఒక పేజీ టైపు చేయించి, నాన్నగారి మరణ ధ్రువపత్రం జతపరచి పంపించాను. అర నిమిషంలో తిరిగి వచ్చింది. ఆ చిరునామా పేరు “నో రిప్లై” అని తరువాత అమ్మాయి చదివి చెప్పింది. మా రోజుల్లో తిరిగివచ్చే ఉత్తరం మీద పోస్టుమ్యాను తన చేత్తో కారణం రాసేవాడు: ఇల్లు తాళం, ఊరు విడిచి వెళ్ళినారు, చిరునామాదారు కీర్తిశేషులు. తమరి విషయంలో వీటిలో ఏది రాయాలో తెలియక, ఈ ఉత్తరాన్ని కవరులో పెట్టి, స్టాంపు అంటించి, చిరునామా చోటు ఖాళీగా ఉంచి నా దగ్గరే అట్టేపెట్టుకున్నాను. ఏ పిన్‌కోడులో ఉంటారో తెలియజేస్తే వెంటనే టపాలో వేయగలను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పాత పోస్టుమాస్టరు