ఆ రాతి ఓడ ముందు నిలబడింది వాస్కోడగామా కాదు

లిస్బన్ ఫోటోల కింద ఒక మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. "టేగస్ నది ఒడ్డున 500 ఏళ్ల నాటి కట్టడం ఇది. ముందు నిలబడింది ఇండియాను కనుక్కున్న వాస్కోడగామా, వెనక ఆయన నావికులు. లోపల ఏమీ లేదు, ఫోటో దిగి వచ్చేయండి." మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. ఓడ ఆకారంలో ఉండే ఆ కట్టడం పేరు 'పద్రావ్ దుష్ దెష్కుబ్రిమెంతుష్', అంటే సముద్ర అన్వేషణల స్మారకం. నేను దాన్ని చూసి వచ్చాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. 1940లో పోర్చుగల్‌కు సలజార్ నియంతగా ఉన్నప్పుడు జరిగిన పెద్ద ప్రదర్శన కోసం తాత్కాలికంగా నిలబెట్టి, తర్వాత తీసేశారు. ఇప్పుడు మనం చూసేది 1960లో కాంక్రీటుతో, రాతితో మళ్లీ కట్టింది. ఆ ఏడాది ఎందుకంటే, పోర్చుగల్ రాకుమారుడు హెన్రీ చనిపోయి అప్పటికి 500 ఏళ్లు. బహుశా ఆ 500 ఇలా కట్టడం వయసైపోయింది. అదే 1960లో ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. మరుసటి ఏడాది డిసెంబరులో గోవా పోర్చుగల్ చేయి జారింది. సామ్రాజ్యం కదిలిపోతున్న రోజుల్లో దాని గొప్ప చెప్పుకోవడానికి లేపిన రాయి అది. ఈ సంగతి తెలియకుండా చూస్తే సగమే చూసినట్టు.

ఓడ కొసన చేతిలో చిన్న నావ పట్టుకుని నిలబడింది ఆ హెన్రీయే. గామా ఆయన వెనక, తూర్పు వరసలో ఉంటాడు. హెన్రీని 'నావికుడు' అంటారు గానీ, కొత్త తీరాలు వెతికిన ఏ యాత్రలోనూ ఆయన ఓడెక్కలేదు, మనుషుల్ని పంపించాడంతే.

మిగతా అందరూ నావికులన్నదీ తప్పే. మొత్తం 33 మందిలో కవి కామోయిష్ ఉన్నాడు, గణితవేత్త పెద్రో నూనెష్ ఉన్నాడు, ఒక చిత్రకారుడున్నాడు. ఒకే ఒక్క ఆడమనిషి, హెన్రీ తల్లి ఫిలిప్పా రాణి. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం జురారా అనే చరిత్రకారుడి బొమ్మ దగ్గర. 1444లో పోర్చుగల్‌లోని లాగోష్ రేవులో 235 మంది ఆఫ్రికన్ బందీలను దించి, తల్లుల్నీ బిడ్డల్నీ విడదీసి పంచుకున్నారని, హెన్రీ గుర్రం మీద కూర్చుని తన వాటాగా ఐదో వంతు తీసుకున్నాడని రాసింది ఈయనే. హెన్రీని పొగడటానికి రాసిన గ్రంథంలోనే ఆ ఏడుపులన్నీ ఉన్నాయి.

ఇక 'ఇండియాను కనుక్కున్నాడు' అన్న మాట. 1497 జులైలో గామా బయలుదేరింది ఈ కట్టడం ఉన్న బెలెం ఒడ్డు నుంచే, అంతవరకు నిజం. కానీ ఆఫ్రికా తీరంలోని మలిందిలో హిందూ మహాసముద్రం తెలిసిన సరంగు దొరికాకే కోళికోడ్ దారి పట్టాడు. అక్కడ ఆయన పంపిన మనిషి ఒడ్డు దిగితే ఎదురైంది స్పెయిన్ భాష మాట్లాడే ట్యునీషియా వర్తకులు! వాళ్లు అప్పటికే అక్కడ వ్యాపారం చేసుకుంటున్నారు. మన మోటుపల్లి రేవునే చూడండి. గామాకు 250 ఏళ్ల ముందే, 1244 ప్రాంతంలో, కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు రాజు లాక్కోడని, సుంకం కడితే చాలని రాయించాడు. అలాంటి తీరాలున్న దేశాన్ని వేరే ఎవరో 'కనుక్కోవడం' ఏమిటి? యూరప్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇక్కడికి చేరే దారి కనిపెట్టాడు, అది పెద్ద పనే. అలా అంటే సరిపోతుంది. 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్లూ పిల్లలతో సహా తగలబెట్టించిందీ ఆయనే.

లోపల ఏమీ లేదనడం అన్యాయం. లిఫ్టు ఎక్కి పైకి వెళ్లండి. కింద నేల మీద 50 మీటర్ల వెడల్పు దిక్సూచి, దాని నడుమ ప్రపంచ పటం మొత్తంగా కనిపించేది అక్కణ్నుంచే. అప్పటి దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల ప్రభుత్వం ఇచ్చిన కానుక అది. నేల మీద నిలబడితే కాళ్ల కింద రంగురాళ్లే కనిపిస్తాయి.

గామా కోసమే వెళ్లేవాళ్లు రోడ్డుకు అవతలనున్న జెరోనిమోష్ మఠం చర్చికి వెళ్లాలి. 1524లో కొచ్చిలో చనిపోతే ముందు అక్కడే పాతిపెట్టారు. తర్వాత ఎముకల్ని పోర్చుగల్ తీసుకెళ్లారు. ఇప్పుడు ఆయన సమాధి ఉన్నది ఆ చర్చిలో.